కొత్త ఎలక్ట్రిక్ కారుకు ఇంట్లో చార్జింగ్ పాయింట్: ఎర్తింగ్‌తో మొదలుపెట్టండి

“అన్నా, వచ్చే వారం కారు డెలివరీ. మేడ మీద గీజర్ పాయింట్ ఉంది, అక్కడి నుంచి కిందికి వైరు లాగి చార్జింగ్ పెట్టేయొచ్చా?” కారు బుక్ చేసిన ప్రతి ఒక్కరూ నన్ను ఇదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే, పెట్టొద్దు. గీజర్ పావుగంట నడిచి ఆగిపోతుంది. బ్యాటరీ బాగా తగ్గి ఉంటే కారు తొమ్మిది, పది గంటలు ఆగకుండా కరెంటు లాగుతుంది, అదీ మీరు నిద్రలో ఉన్నప్పుడు. ఇంట్లో ఇంకే వస్తువూ ఇంత లోడుతో ఇంతసేపు నడవదు. సాకెట్‌లో స్క్రూ కాస్త వదులైనా గీజర్‌కు ఏమీ కాదు, కారుకు మాత్రం అవుతుంది. లెక్క చూడండి. వదులు జాయింటు దగ్గర 0.1 ఓమ్ అడ్డు ఉండి 15 ఆంప్స్ పారితే అక్కడ 22 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్‌ని సాకెట్ లోపల పెట్టి రాత్రంతా వదిలేసినట్టే.

ఇది నాకు అనుభవమే. హనుమకొండలో మా ఇంట్లో మొదటి కారుకు పాత ఏసీ పాయింటే వాడాను. రెండో వారంలో ఒక రాత్రి ప్లాస్టిక్ కాలిన వాసనకు మా ఆవిడ లేచింది. కిందికి వెళ్లి చూస్తే సాకెట్ గోధుమ రంగుకు తిరిగింది, ప్లగ్ పిన్ను దానికి అంటుకుపోయింది. ఎంసీబీ (కరెంటు ఎక్కువ పారితే తానే ఆగిపోయే స్విచ్) పడలేదు. పడదు కూడా, ఎందుకంటే కరెంటు ఎక్కువ పారలేదు, జాయింటు వేడెక్కింది అంతే. ఆ తర్వాత మొత్తం తీసేసి కొత్తగా చేయించాను. కింద రాసిన పద్ధతి అదే.

కారు రాకముందే ఈ పని పూర్తి చేయించుకోండి. కారు వాకిట్లో నిలబడ్డాక ఆగలేం, ‘ఈ ఒక్క రాత్రికి’ అనుకుంటూ ఎక్స్‌టెన్షన్ బాక్స్ తీస్తాం.

కావలసినవి

- లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్. అతని దగ్గర ఎర్త్ మెగ్గర్ (ఎర్తింగ్ ఎంత బాగుందో ఓమ్‌లలో కొలిచే పరికరం) ఉందో లేదో ముందే అడగండి. లేకపోతే అద్దెకు తెమ్మనండి.
- మీ తాజా కరెంటు బిల్లు, మీటరు ఫొటో
- రాగి వైరు (సైజు నాలుగో మెట్టులో)
- డబుల్ పోల్ (రెండు వైర్లనూ ఆపే) ఎంసీబీ, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్), కుదిరితే సర్జ్ ప్రొటెక్టర్ (వోల్టేజి ఒక్కసారిగా ఎగిస్తే కాపాడేది), ఇవన్నీ పట్టే చిన్న డీబీ బాక్స్ (స్విచ్చుల పెట్టె)
- కొత్త ఎర్త్ పిట్ (ఎర్తింగ్ రాడ్ దించే గుంత) సామాను
- మంచి 16 ఆంప్స్ సాకెట్ లేదా కంపెనీ ఇచ్చే వాల్ బాక్స్ (గోడకు బిగించే చార్జర్)
- మల్టీమీటర్

డీబీ మూత తీయడం, వైర్లు బిగించడం మీరు చేయొద్దు. పక్కన నిలబడి చూడటం, అడగటం, ఫొటోలు తీసుకోవడం మీ పని.

1. మీకు ఎంత వేగం కావాలో తేల్చుకోండి

మన రోడ్ల మీద మామూలు ఎలక్ట్రిక్ కారు యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు వెళ్తుంది. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగితే ఆరేడు యూనిట్లు చాలు. కారుతో వచ్చే పోర్టబుల్ చార్జర్ 16 ఆంప్స్ ప్లగ్ నుంచి గంటకు దాదాపు మూడు యూనిట్లు ఎక్కిస్తుంది. అంటే రెండున్నర గంటల పని. ఆఫీసు, ఇల్లు, పిల్లల స్కూలు తిరిగే కుటుంబానికి ఇది బాగా సరిపోతుంది.

7.2 కిలోవాట్ల వాల్ బాక్స్ ఎవరికంటే, రోజూ 150 కిలోమీటర్లు పైబడి తిరిగేవాళ్లకు, లేదా రాత్రి ఆలస్యంగా వచ్చి తెల్లారే ఊరెళ్లేవాళ్లకు. 45 యూనిట్ల బ్యాటరీ దీనితో ఆరేడు గంటల్లో నిండుతుంది, మామూలు ప్లగ్‌తో అయితే పదిహేను గంటలు దాటుతుంది.

ఇంకో మాట. వేగం గోడ మీద పెట్టెలో ఒక్కదానిలోనే లేదు, కారు లోపలి చార్జర్‌లో కూడా ఉంది. టియాగో ఈవీలాంటి కార్లు 3.3 కిలోవాట్ల రకంలోనూ, 7.2 రకంలోనూ వచ్చాయి. 3.3 కారుకు 7.2 బాక్స్ పెట్టినా 3.3 మాత్రమే లాగుతుంది. 11 కిలోవాట్ల బాక్స్ అయితే త్రీ ఫేజ్ కనెక్షన్ ఉండాల్సిందే.

2. మీటరు, లోడ్ చూసుకోండి

బిల్లు మీద ‘కాంట్రాక్టెడ్ లోడ్’ ఎన్ని కిలోవాట్లో ఉంటుంది. పక్కనే ఆర్‌ఎండీ అని ఉంటే, ఆ నెలలో మీరు ఒకేసారి వాడిన అత్యధిక లోడ్ అదే. చాలా ఇళ్లలో కాంట్రాక్టెడ్ లోడ్ రెండు, మూడు కిలోవాట్లే. ఒక ఏసీ, ఒక గీజర్ కలిసి నడిస్తేనే అది దాటిపోతుంది. దాని మీద 7.2 పెడితే ఏమవుతుందో ఊహించండి.

తర్వాత మీటరు ముఖం మీద చూడండి. ‘5-30’ అని ఉంటే ఆ మీటరు 30 ఆంప్స్ వరకే. 7.2 బాక్స్ ఒక్కటే 32 ఆంప్స్ లాగుతుంది. ‘10-60’ ఉంటే కొంత వెసులుబాటు ఉంటుంది. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు పాతదైతే అదీ మార్చాలి. ఇంటి లోపల మేలు రకం వైరు వేసి, బయట ఇరవై ఏళ్ల నాటి అల్యూమినియం సర్వీసు వైరు వదిలేస్తే వేడి అక్కడ మొదలవుతుంది.

లోడ్ పెంచుకోవడానికి మీ డిస్కం (కరెంటు సరఫరా సంస్థ) వెబ్‌సైట్‌లోనో, కస్టమర్ సర్వీస్ సెంటర్‌లోనో దరఖాస్తు పెట్టండి. కిలోవాట్‌కు ఇంతని డెవలప్‌మెంట్ చార్జీలు, డిపాజిట్ కట్టాలి. మామూలు 16 ఆంప్స్ చార్జర్‌కైనా మూడు కిలోవాట్లు అదనంగా లెక్కేసుకోండి. “లోడ్ పెంచకపోయినా నడుస్తుందిలే” అనే మాట వినొద్దు. వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం లెక్కవేసేది ఆ కాంట్రాక్టెడ్ లోడ్లను చూసే.

ప్రత్యామ్నాయం కూడా ఉంది. 2024 ఫిబ్రవరిలో సవరించిన కేంద్ర విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం, ఈవీ చార్జింగ్ కోసం విడిగా కనెక్షన్ అడిగే హక్కు మీకుంది. ఎవరికి పనికొస్తుందంటే, నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే నష్టాలతో కలిపి 160, 170 యూనిట్లు అవుతాయి. అవి ఇంటి మీటరు మీద పడితే పై శ్లాబుకు వెళ్తారు. తెలంగాణలో గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తున్న ఇంట్లో వాడకం 200 యూనిట్లు దాటితే ఆ నెల జీరో బిల్లు పోతుంది. విడి మీటరుకు నెలనెలా ఫిక్స్‌డ్ చార్జీలు కూడా ఉంటాయి కాబట్టి, రెండు లెక్కలూ కాగితం మీద వేసి చూశాకే నిర్ణయించుకోండి.

3. ఎర్తింగ్

మిగతావన్నీ తొందరగా చదివినా ఇది మాత్రం నిదానంగా చదవండి.

కారు చార్జర్ మొదలయ్యే ముందు ఎర్తింగ్ (లీకైన కరెంటును భూమిలోకి పంపే ఏర్పాటు) ఉందా లేదా అని తానే పరీక్షించుకుంటుంది. లేకపోతే ఎర్ర లైటు చూపించి చార్జింగ్ ఆపేస్తుంది. టీవీ, ఫ్రిజ్ ఇలా అడగవు కాబట్టి మన ఇళ్లలో ఎర్తింగ్ లేదన్న సంగతి కారు వచ్చాకే బయటపడుతుంది. అప్పుడు కొందరు ఎలక్ట్రీషియన్లు ఒక పని చేస్తారు. సాకెట్ విప్పి, న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) నుంచి ఎర్త్ పిన్నుకు చిన్న వైరు ముక్క కలుపుతారు. వెంటనే పచ్చ లైటు వస్తుంది, మనకు సంతోషం, అతనికి డబ్బులు.

దయచేసి ఆ పని ఎవరినీ చేయనివ్వకండి. ఆ తర్వాత ఎప్పుడైనా పైన ఎక్కడో న్యూట్రల్ తెగితే, లేదా స్తంభం దగ్గర ఫేజు (కరెంటు వచ్చే వైరు), న్యూట్రల్ తారుమారైతే, కారు బాడీ మొత్తానికి 230 వోల్టులు వస్తాయి. పొద్దున్నే చెప్పుల్లేకుండా తడి నేల మీద నిలబడి డోరు తీసేది మీరో, మీ పిల్లలో. ఇప్పటికే అలా చేయించుకుని ఉంటే ఈ రోజే చార్జింగ్ ఆపి తీయించండి.

సరైన పని ఇది. చార్జింగ్ పాయింట్ కోసం కొత్త ఎర్త్ పిట్ వేయించండి. పైపు లేదా రాగి పూత రాడ్ కనీసం రెండున్నర మీటర్లు భూమిలోకి దిగాలి. బొగ్గు, ఉప్పు వేసే పాత పద్ధతి తప్పేమీ కాదు, కానీ ఎండాకాలంలో నీళ్లు పోస్తూ ఉండాలి, ఉప్పుకు పైపు తుప్పు పడుతుంది. బెంటోనైట్‌లాంటి పొడితో చేసే కెమికల్ ఎర్తింగ్‌కు ఖర్చు ఎక్కువ, పోషణ తక్కువ. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ వైపు రాగి పూత రాడ్ తీసుకోండి. హైదరాబాద్‌లోలాగా రెండడుగుల కింద బండ తగిలే చోట చిన్న బోరు వేయించి రాడ్ దించాలి, లేదా రెండు పిట్లు వేసి కలపాలి. వాటి మధ్య దూరం కనీసం రాడ్ పొడవంత ఉండాలి.

నల్లా పైపుకో, బోరు కేసింగ్‌కో ఎర్త్ వైరు చుట్టడం ఎర్తింగ్ కాదు. ఇప్పుడు ఆ పైపులు ఎక్కువగా ప్లాస్టిక్కే.

పని అయ్యాక ఎర్త్ మెగ్గర్‌తో మీ ముందే కొలిపించండి. 5 ఓమ్‌ల లోపు రావాలి, ఇంకా తగ్గితే మేలు. ఆ అంకె ఫొటో తీసి పెట్టుకోండి. వీలైతే మే నెలలో, నేల ఎండిపోయినప్పుడు మరోసారి కొలిపించండి. వానాకాలంలో మూడు వచ్చిన చోటే వేసవిలో పది రావచ్చు.

4. వైరు

మీటరు బోర్డు నుంచి చార్జింగ్ పాయింట్ దాకా విడి లైను ఉండాలి. మధ్యలో జాయింట్లు ఉండకూడదు, దాని మీద మరో లైటు గానీ మోటారు గానీ వేయకూడదు.

16 ఆంప్స్ పాయింట్‌కు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయించండి. షాపులో 2.5 చాలంటారు. గంటల తరబడి లోడు, పైపు లోపల వేడి, మన ఎండలు, ఇవి కలిస్తే 2.5 నన్ను నిద్రపోనివ్వదు. 7.2 బాక్స్‌కు 6 చదరపు మిల్లీమీటర్లు కనీసం. దూరం ముప్పై మీటర్లు దాటితే 10 వేయించండి. 6 వైరులో 32 ఆంప్స్ ముప్పై మీటర్లు వెళ్తే దాదాపు 6 వోల్టులు దారిలోనే పోతాయి. 10 అయితే మూడున్నర. ఎర్త్ వైరు కూడా ఫేజు వైరు సైజులోనే ఆకుపచ్చది వేయించండి.

గేటు దాకా నేలలోంచి వెళ్లాలంటే ఆర్మర్డ్ కేబుల్ (లోపల ఇనుప కవచం ఉన్నది) వాడాలి. మామూలు వైరును పీవీసీ పైపులో దూర్చి మట్టి కప్పేస్తే పందికొక్కులు వదలవు. చివర్లలో వైరు పోగులు మెలేసి స్క్రూ కింద తోసేయకుండా, లగ్ (వైరు కొసకు తొడిగే లోహపు తొడుగు) వేసి క్రింప్ చేయించండి, అంటే పనిముట్టుతో గట్టిగా నొక్కించండి. నా సాకెట్ కాలిపోయింది సరిగ్గా ఆ మెలేసిన పోగుల దగ్గరే.

5. ఎంసీబీ, ఆర్‌సీసీబీ

16 ఆంప్స్ పాయింట్‌కు 20 ఆంప్స్ డబుల్ పోల్ ఎంసీబీ, 32 ఆంప్స్ బాక్స్‌కు 40 ఆంప్స్. “పదేపదే పడిపోతోంది సార్” అని ఎంసీబీ సైజు పెంచితే, వైరును కాపాడేవాడిని తీసేసినట్టే. పడితే కారణం వెతకాలి.

ఆర్‌సీసీబీ వేరు. ఎంసీబీ వైరును కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని. ఎర్తింగ్ బాగుంది కదా, ఇదెందుకు అంటారా? 5 ఓమ్‌ల ఎర్త్‌లోకి ఫేజు లీకైతే పారేది 46 ఆంప్స్. 40 ఆంప్స్ ఎంసీబీ దానికి వెంటనే పడదు. 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ రెప్పపాటులో పడుతుంది. కొనేటప్పుడు ‘టైప్ ఏ’ అని అడగండి. షాపుల్లో మామూలుగా చేతికిచ్చేది ‘టైప్ ఏసీ’. కారు నుంచి వచ్చే డీసీ లీకేజీ దాన్ని మొద్దుబార్చగలదు. మీ చార్జర్ మాన్యువల్‌లో ‘టైప్ బి’ అని ఉంటే అదే తేవాలి.

6. ఎక్కడ బిగించాలి

కారు ఆపే చోటికి ఐదు మీటర్ల లోపు, వాన జల్లు, పడమటి ఎండ నేరుగా తగలని గోడ మీద. సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ నిబంధనల ప్రకారం సాకెట్ నేల నుంచి కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. ఎక్స్‌టెన్షన్ వైరు వాడకూడదన్నదీ ఆ నిబంధనల్లోనే ఉంది. సెల్లార్ అయితే నేను నాలుగున్నర, ఐదడుగుల ఎత్తు అంటాను. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ సెల్లార్లు, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ ఇళ్లు ఎలా మునిగాయో చూశాం. ఆ డీబీ బాక్స్ ఆఫ్ చేసే స్విచ్ నీళ్లలోకి దిగకుండా చేతికందాలి.

సాకెట్‌గా 6/16 కలిపి ఉండే రకం వద్దు. రెండు రకాల పిన్నులు పట్టే ఆ రంధ్రాల్లో పట్టు తక్కువ. 16 ఆంప్స్‌కు మాత్రమే చేసిన, పిన్ను బిగుతుగా పట్టే సాకెట్ తీసుకోండి. బయటైతే మూత ఉన్న వెదర్‌ప్రూఫ్ పెట్టెలో పెట్టించండి. ప్లగ్ నుంచి చార్జర్ డబ్బా గాల్లో వేలాడితే ఆ బరువుకు పిన్నులు వదులవుతాయి. డబ్బాకు గోడకు కొక్కెం కొట్టించండి.

7. కారు పెట్టకముందు కొలవండి

సాకెట్‌లో మల్టీమీటర్‌తో ఎలక్ట్రీషియన్ చేత మూడు కొలతలు తీయించండి.

- ఫేజు-న్యూట్రల్: 230 దగ్గర. 216 నుంచి 244 మధ్య ఉంటే సరే.
- ఫేజు-ఎర్త్: పై అంకెకు దాదాపు సమానం.
- న్యూట్రల్-ఎర్త్: రెండు, మూడు వోల్టుల లోపు. పది, ఇరవై చూపిస్తే ఎర్తింగో న్యూట్రలో బాగాలేదు. కచ్చితంగా సున్నా వస్తే, లోపల ఎవరైనా రెండూ కలిపారేమో సాకెట్ విప్పించి చూడండి.

ఒక హెచ్చరిక. ఫేజు-ఎర్త్ 230 వచ్చిందని ఎర్తింగ్ బాగుందనుకోవద్దు. మల్టీమీటర్ చాలా తక్కువ కరెంటుతో కొలుస్తుంది కాబట్టి, తుప్పు పట్టిన ఎర్త్‌కు కూడా 230 చూపిస్తుంది. నమ్మాల్సింది మెగ్గర్ అంకెనే.

తర్వాత ఆర్‌సీసీబీ మీద ‘టి’ అక్షరం ఉన్న బటన్ నొక్కండి. టక్కున పడాలి. పడకపోతే మార్పించండి.

8. మొదటి చార్జింగ్ పగలు పెట్టండి

ఇంట్లో మీరున్నప్పుడు, ఆదివారం ఉదయం పెట్టుకోండి. ముందు గోడ ప్లగ్ పెట్టి స్విచ్ వేయండి, లైటు సరిగా వచ్చాక గన్ (కారులో పెట్టే చార్జర్ కొస) కారుకు పెట్టండి. తీసేటప్పుడు ముందు కారులో చార్జింగ్ ఆపి గన్ తీయండి, ఆ తర్వాత గోడ స్విచ్. చార్జింగ్ నడుస్తుండగా గోడ ప్లగ్ లాగితే నిప్పురవ్వ వస్తుంది, ఒక్కసారికే పిన్ను నల్లబడుతుంది.

కారులో ఆంప్స్ తగ్గించే ఆప్షన్ ఉంటే మొదట పదికి పెట్టి, గంట తర్వాత పెంచండి. అరగంటకు, రెండు గంటలకు సాకెట్ ముందుభాగం, ప్లగ్, డీబీ మూత చేతి వెనక భాగంతో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. ఐదు సెకన్లు చేయి ఉంచలేకపోతే వెంటనే ఆపండి, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి స్క్రూలు బిగింపించండి.

చార్జింగ్‌కు ముందు, నడుస్తుండగా, ఇంట్లో వేరే సాకెట్‌లో వోల్టేజి కూడా చూడండి. పది, పదిహేను వోల్టులు పడిపోతే లోపం కారు లైనులో కాదు, సర్వీసు వైరులోనో, స్తంభం జంపర్లోనో (స్తంభం మీద లైనుకు కలిపే వైరు ముక్క) ఉంది. 1912కి ఫోన్ చేసి లైన్‌మన్‌ని రప్పించండి. స్టెబిలైజర్ కొనకండి.

ఇవి మళ్లీ మళ్లీ కనిపిస్తున్న తప్పులు

చార్జింగ్ పాయింట్‌ను ఇన్వర్టర్ లైనుకు కలపడం. కరెంటు పోగానే కారు ఇన్వర్టర్ మీద పడుతుంది.

న్యూట్రల్‌ను పక్క లైను న్యూట్రల్‌తో కలిపేయడం. అలా చేస్తే ఆర్‌సీసీబీ ఊరికే పడుతూ ఉంటుంది. విసిగిపోయి దాన్నే తీసేస్తారు. తీయాల్సింది ఆ కలయికను.

రాగి, అల్యూమినియం వైర్లు నేరుగా మెలేయడం. రెండు లోహాల మధ్య పొర ఏర్పడి వేడెక్కుతుంది. బైమెటల్ లగ్ వాడాలి.

ఎర్ర లైటు వస్తే చార్జర్ పాడైందని షోరూమ్‌కు పరిగెత్తడం. ముందు ఎర్తింగ్ చూడండి. కొన్ని చార్జర్లు ఫేజు, న్యూట్రల్ తారుమారైనా ఎర్ర లైటే చూపిస్తాయి. సాకెట్ ముందు నుంచి చూస్తే ఫేజు కుడివైపు ఉండాలి.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే

మీ మీటరు కింద మీటర్ల గదిలోనే ఉంటుంది కాబట్టి ఫ్లాట్ నుంచి వైరు వేలాడదీయాల్సిన పని లేదు. మీటరు నుంచి మీ పార్కింగ్ స్లాట్ దాకా కేబుల్ ట్రే మీదుగా విడి లైను వేయించండి. అసోసియేషన్‌కు దరఖాస్తు ఇచ్చేటప్పుడు కేబుల్ వెళ్లే దారి గీసిన కాగితం, ఎంసీబీ, ఆర్‌సీసీబీ వివరాలు, ఎర్త్ కొలత జతచేయండి. అగ్నిప్రమాదం అనే భయం వాళ్లకు ఉండటం సహజం. భయానికి జవాబు వాదన కాదు, ఆ కాగితాలే. ఇంట్లో ఉన్న కనెక్షన్ మీదే సొంత కారు చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాల్లో ఉంది, ఆ ప్రతి కూడా పెట్టండి. లిఫ్టులు, మోటార్లు నడిచే జనరేటర్ మీద చార్జింగ్ రాకుండా లైను తీసుకోవాలని ఎలక్ట్రీషియన్‌కు ముందే చెప్పండి. మంటలార్పే ఏబీసీ పౌడర్ సిలిండర్ ఒకటి దగ్గర్లో తగిలించండి.

నెలకోసారి, ఐదు నిమిషాలు

ఆర్‌సీసీబీ బటన్ నొక్కి చూడండి. ప్లగ్ తీసి పిన్నుల రంగు చూడండి. నలుపో గోధుమ రంగో కనిపిస్తే సాకెట్, ప్లగ్ రెండూ మార్చాలి, ఒక్కటి మారిస్తే పాతది కొత్తదాన్ని పాడుచేస్తుంది. మొదటి నెల తర్వాత ఒకసారి, ఆపై ఏడాదికోసారి మెయిన్ ఆపి స్క్రూలన్నీ బిగింపించండి. రాగి వేడికి సాగి చల్లబడి, బిగించిన స్క్రూ కూడా మెల్లగా వదులవుతుంది.

ఎప్పుడైనా కాలిన వాసన వస్తే ప్లగ్ జోలికి వెళ్లకుండా ముందు మెయిన్ ఆఫ్ చేయండి. నీళ్లు పోయొద్దు. మంట కనిపిస్తే ఇంట్లో వాళ్లందరినీ బయటికి తెచ్చి 101కి ఫోన్ చేయండి. మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఇంట్లో పెద్దవాళ్లకూ, పనిమనిషికీ ఈ రోజే చూపించండి.